స్టేజ్ వన్ రీమ్యాప్, డీఎస్‌జీ ఆయిల్ మార్పు చేయించేవారికి జాగ్రత్త: నా ఆక్టేవియా ఆర్‌ఎస్ విషయంలో జరిగింది

నా దగ్గర ఉన్న కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. 2017లో మన దేశంలో 500 మాత్రమే అమ్ముడైన ఈ మోడల్‌ను నేను హైదరాబాద్‌లోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 230 హెచ్‌పీ, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం), ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ (ఆయిల్‌లో మునిగి ఉండే రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) దీని బలాలు. చూసేవాళ్లకు ఇది మామూలు కుటుంబపు కారులాగే కనిపించాలన్నది నా పట్టుదల. అందుకే స్టిక్కర్లు, పెద్ద స్పాయిలర్, చెవులు చిల్లులు పడే సైలెన్సర్ వంటివాటి జోలికి పోకుండా, మెరుగైన బ్రేక్ ప్యాడ్లు, గేర్‌బాక్స్ మౌంటులో గట్టి రబ్బరు, వేళకు ఆయిల్ మార్పు, ఇలా నాలుగేళ్లుగా కొద్దికొద్దిగా చేసుకుంటూ వచ్చాను.

ఓడోమీటర్ 61,000 కిలోమీటర్లు దాటినప్పుడు రెండు పనులు ఒకేసారి చేయించాలనుకున్నాను. మొదటిది, ఈ గేర్‌బాక్స్‌కు 60,000 కిలోమీటర్లకు ఒకసారి తప్పనిసరైన ఆయిల్, ఫిల్టర్ మార్పు. రెండవది, స్టేజ్ వన్ రీమ్యాప్, అంటే విడిభాగాలు మార్చకుండా ఇంజను కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఫైల్‌ను మార్చి బలం పెంచడం. నగరంలో ట్యూనింగ్‌కు పేరున్న ఒక గ్యారేజీకి వెళ్లాను. వివాదం ఇంకా తేలలేదు కాబట్టి దాని పేరు ఇక్కడ రాయడం లేదు. రీమ్యాప్‌కు 48,000 రూపాయలు, ఆరు లీటర్ల ఆయిల్‌తో పాటు ఫిల్టర్‌కు, కూలీకి 19,500 రూపాయలు అని బిల్లు ఇచ్చారు. సాయంత్రానికి బండి చేతికి వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసరికి లాగుడులో తేడా స్పష్టంగా తెలిసింది, సంతోషించాను కూడా.

రెండు వారాలు తిరగకముందే ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు బండి వణకడం మొదలుపెట్టింది. మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సైకిల్ చైను జారినట్టుగా ఆర్‌పీఎం పైకి ఎగబాకేదే కాని వేగం దానికి తగ్గట్టు పెరిగేది కాదు. గ్యారేజీకి ఫోన్ చేస్తే, “అన్నా, స్టేజ్ వన్ వేశాక గేర్‌బాక్స్ దానికి అలవాటు పడాలి, ఒక వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి” అన్నారు. ఆ మాట నమ్మి నేను నిజంగానే వెయ్యి కిలోమీటర్లు తిరిగాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే.

తరువాత ఈ గేర్‌బాక్సులతో బాగా అనుభవం ఉన్న మరో మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఈ గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం చూడటానికి డిప్‌స్టిక్ ఉండదు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ ఉష్ణోగ్రత 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అడుగున డ్రెయిన్ బోల్టు విప్పితే, లోపలి ప్లాస్టిక్ గొట్టం మీదుగా అదనపు ఆయిల్ చుక్కలుగా కారాలి. అప్పుడే మట్టం సరిగ్గా ఉన్నట్టు లెక్క. నా బండిలో 40 డిగ్రీల దగ్గర ఒక్క చుక్క కూడా రాలేదు. గొట్టం కూడా తీసి మొత్తం దించి కొలిస్తే 3.9 లీటర్లు వచ్చింది, సాధారణంగా ఈ సర్వీసులో పట్టేది 5.2 లీటర్ల దాకా. ఇక ఫిల్టర్ సంగతి: గేర్‌బాక్స్ పైభాగాన ఉండే ఫిల్టర్ మూత చుట్టూ ఏళ్ల నాటి మట్టి, జిడ్డు ఎవరూ పానా పెట్టిన జాడే లేకుండా పేరుకుని ఉన్నాయి. అంటే బిల్లులో ఉన్న ఫిల్టర్ నా బండిలోకి ఎన్నడూ రాలేదు. తడి క్లచ్‌కు ఆయిలే చల్లదనాన్ని ఇస్తుంది, పట్టు సాధించే ఒత్తిడినీ ఇస్తుంది, కాబట్టి లీటరుకు పైగా తక్కువ ఆయిల్‌తో తిరగడం చిన్న విషయం కాదు.

అంతకంటే నన్ను కలవరపెట్టింది రీమ్యాప్. ల్యాప్‌టాప్‌కు కలిపి మూడో గేరులో 2,000 నుంచి 5,000 ఆర్‌పీఎం వరకు రికార్డు చేస్తే, 95 ఆక్టేన్ పెట్రోల్ మీద కూడా రెండు సిలిండర్లలో నాకింగ్‌ను (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడాన్ని) తట్టుకోవడానికి ఇంజను తనంతట తానే ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ పడే సమయాన్ని, ఆరేడు డిగ్రీలు వెనక్కు లాగుతోంది. ఆక్టేన్ అంకె ఎంత ఎక్కువైతే పెట్రోల్ నాకింగ్‌ను అంత బాగా తట్టుకుంటుంది. ఐరోపాలో దొరికే 98 ఆక్టేన్ పెట్రోల్‌ను ఉద్దేశించి తయారైన ఫైల్‌ను మన ఇంధనానికి, మన ఎండకు సర్దకుండా యథాతథంగా ఎక్కించినట్టు అర్థమైంది. పైగా, ఇంజను నిజంగా ఇస్తున్న టార్క్ కంటే తక్కువ అంకెను గేర్‌బాక్స్‌కు చెప్పేలా ఆ ఫైల్‌ను రాశారు. గేర్‌బాక్స్ ఆ అంకెను నమ్మి క్లచ్‌ను తక్కువ ఒత్తిడితో పట్టుకుంటుంది, అసలు బలం వచ్చినప్పుడు క్లచ్ జారుతుంది. అసలే ఆయిల్ తక్కువ, దానికి ఈ అబద్ధపు అంకె తోడైంది.

చివరి పరీక్ష మెకానిక్ సరదాగా చేసిందే. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) తరువాత ఉండే ఆక్సిజన్ సెన్సర్ ప్లగ్‌ను పీకేసి బండి నడిపాడు. ఎంత తిప్పినా చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. లోపాలు కనిపించకుండా ఫైల్‌లోనే హెచ్చరికలను ఆపేశారు. అసలు ఫైల్ తిరిగి ఇమ్మని గ్యారేజీని అడిగితే, నా బండి నుంచి చదివి దాచిందేమీ లేదని, డేటాబేసు నుంచి ఏదో ఒకటి తెచ్చి వేస్తామని చెప్పారు.

బయటికి కనబడని మార్పులంటేనే నాకు ఇష్టం. సరిగ్గా అందుకే నన్ను మోసగించడం సులువైంది. స్పాయిలర్ బిగించకపోతే ఎవరికైనా తెలుస్తుంది, మార్చని ఫిల్టర్, అబద్ధం చెప్పే ఫైల్ ఎవరి కంటికీ కనిపించవు. కాబట్టి ఇలాంటి పని ఇచ్చేవారు బండి అప్పగించే ముందే ఆధారాలు పెట్టుకోవాలి. రీమ్యాప్‌కు ముందు ఒకసారి, తరువాత అదే రోడ్డు మీద, అదే పెట్రోల్‌తో మరోసారి లాగ్ (ల్యాప్‌టాప్‌తో తీసే ఇంజను అంకెల రికార్డు) తీయించుకోండి. ఇగ్నిషన్ వెనక్కు జరుగుతోందా, ఇంజను ఆర్‌పీఎంకు, గేర్‌బాక్స్‌లోని షాఫ్ట్ వేగానికి మధ్య తేడా వస్తోందా అన్నది అందులోనే తెలిసిపోతుంది. మీ బండి అసలు ఫైల్ మీ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాకే డబ్బు ఇవ్వండి. హెచ్చరికలు ఏవీ ఆపలేదని బిల్లు మీద రాయించుకోండి. ఆయిల్ డబ్బాల సీలు మీ ఎదుటే తీయమనండి, ఉష్ణోగ్రత అంకె తెర మీద కనిపిస్తుండగా చుక్క కారడం మీ కళ్లతో చూడండి, పాత ఫిల్టర్‌ను అడిగి తీసుకోండి. దీనికి గంట సమయం వృథా అవుతుందని విసుక్కునే గ్యారేజీ ఉంటే, దాని సంగతి అక్కడే తెలిసిపోయినట్టు.

నా వైపు లోపాన్ని కూడా దాచను. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52, తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు శిక్ష గాని, రెండూ గాని పడవచ్చు. బీమా కంపెనీకి నేను ఈ మార్పు గురించి చెప్పలేదు, ప్రమాదం జరిగి ఉంటే క్లెయిము చిక్కుల్లో పడేది. వారంటీలో ఉన్న బండి అయితే, కంపెనీ సర్వీసు సెంటర్‌లో స్కాన్ చేసినప్పుడు మార్చిన సాఫ్ట్‌వేర్ బయటపడే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

ప్రస్తుతం బండి కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, క్లచ్ అడాప్టేషన్ (క్లచ్ పట్టుకునే తీరును గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించడం) కలిపి మరో 31,000 ఖర్చయ్యాయి. వణుకు పోయింది, మూడో గేరులో జారడం ఆగింది, కాని ఆ పదిహేను వందల కిలోమీటర్లలో క్లచ్ పలకలు ఎంత అరిగాయన్నది గేర్‌బాక్స్ విప్పితే తప్ప తేలదు. గ్యారేజీవారు ఆయిల్ పనికి తీసుకున్న డబ్బులో సగం తిరిగి ఇచ్చి, రీమ్యాప్ విషయంలో చేతులెత్తేశారు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ముందు లాయరు ద్వారా నోటీసు పంపాను. ఇలాంటి ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, కాబట్టి ఇదే అవస్థలో ఉన్నవారు ఆలస్యం చేయకండి. ఆ పాత ఫిల్టర్‌ను, ల్యాప్‌టాప్‌తో తీసిన రికార్డులను, ఆరు లీటర్ల ఆయిల్ అని రాసిన బిల్లును ఒకే కవరులో పెట్టి లాయరుకు అప్పగించాను.