డిస్‌ప్లే డ్రైవర్ మొరాయిస్తే ఏది మేలు: రోల్ బ్యాక్ చేయడమా, మొత్తం తుడిచి వేసుకోవడమా?

మాఘమాసం వచ్చిందంటే పర్లాకిమిడిలో మా ఆల్బం డిజైన్ వాళ్లకి నిద్ర ఉండదు. ఇటు ఒడియా పెళ్లిళ్లు, అటు పాతపట్నం, టెక్కలి వైపు తెలుగు పెళ్లిళ్లు, అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. సరిగ్గా అప్పుడే ఫోన్లూ మొదలవుతాయి. "అన్నా, స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయిపోయి మళ్లీ వచ్చీసింది. డిజైన్ మాత్రం ఎగిరిపోనాది. ఏటి సెయ్యాలి?" గుణుపురం నుంచి ఒకరు, కాశీనగరం నుంచి ఒకరు, ఆఖరికి మా పక్క వీధి నుంచి కూడా ఇదే ప్రశ్న. అడిగేవాళ్లు అప్పటికే రెండు సలహాలు విని ఉంటారు. డ్రైవర్‌ని, అంటే గ్రాఫిక్స్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, రోల్ బ్యాక్ చేసి దాని ముందు వెర్షన్‌కి వెళ్లమని ఒకరు, డీడీయూతో (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్) మొత్తం తుడిచేసి మళ్లీ వేసుకోమని ఇంకొకరు. ఈ ఏడాది నా సిస్టమ్‌కే ఆ గతి పట్టింది. రెండూ చేసి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు తప్పు డ్రైవర్‌దేనా అని చూసుకోండి. ఈవెంట్ వ్యూయర్‌లో, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో, స్క్రీన్ నల్లబడిన నిమిషానికి 4101 నంబరుతో హెచ్చరిక ఉందా? "డిస్‌ప్లే డ్రైవర్ స్టాప్డ్ రెస్పాండింగ్" అని అందులో రాసి ఉంటుంది. విస్టా కాలం నుంచి విండోస్‌కి ఉన్న అలవాటు ఇది. గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లలో పలకకపోతే డ్రైవర్‌ని తనే ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. స్క్రీన్ తిరిగి వస్తుంది గానీ, కార్డు మీద పని పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ఆ దెబ్బకు తట్టుకోలేదు. అలా తిరిగి లేవడం కూడా కుదరకపోతే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అంటూ నీలం స్క్రీన్ వస్తుంది.

ఆ 4101 కనిపించినంత మాత్రాన నేరం డ్రైవర్ మీద రుజువైనట్టు కాదు. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్నా, సిస్టమ్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నీరసించినా ఇదే సందేశం వస్తుంది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల గొడవ గుర్తుందా? గేముల్లో "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అని వస్తుంటే జనం గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చి మార్చి అలసిపోయారు. తీరా చూస్తే లోపం ప్రాసెసర్‌లో ఉంది. 2024 ఆగస్టులో ఇంటెల్ దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణ ఇచ్చింది. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న: నిన్నటి దాకా బాగుండి, ఏదో అప్‌డేట్ పడ్డాక మొదలైందా? అవునంటేనే కింద చెప్పేవి పనికొస్తాయి.

రోల్ బ్యాక్ సుఖమైన దారి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, దాని ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. ఐదు నిమిషాల పని, నెట్ అక్కర్లేదు. పని నెత్తి మీద ఉన్నప్పుడు ముందు చెయ్యి దీని మీదికే పోతుంది, పోవాలి కూడా. కాకపోతే ఆ బటన్ వెలిగి ఉంటేనే. పాత డ్రైవర్ సిస్టమ్‌లో మిగిలి లేకపోతే అది బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా పలకదు.

నాకు బటన్ వెలిగే ఉంది. నొక్కాను. రెండు రోజులు హాయిగా గడిచింది. మూడో రోజు రాత్రి, 12 బై 36 అంగుళాల షీటు మీద ఉన్నాను. అంటే 300 డీపీఐలో 10,800 పిక్సెళ్ల పొడవు. పెళ్లికూతురి జడ వెనక కంచిపట్టు అంచు కట్ చేస్తుంటే స్క్రీన్ నల్లబడింది. సేవ్ చేసి నలభై నిమిషాలు. మర్నాడు తేదీలు చూసుకుంటే సంగతి అర్థమైంది. రోల్ బ్యాక్ నన్ను ఒక్క మెట్టే కిందికి దించింది. ఆ మెట్టు కూడా అంతకు వారం ముందు నేనే వేసుకున్న కొత్త డ్రైవర్. దీపావళి నుంచి కిక్కురుమనకుండా పనిచేసింది దాని కింది మెట్టు.

కాబట్టి నా లెక్కలో తేల్చేది ఒక్కటే: బాగా నడిచిన వెర్షన్ నంబరు మీకు తెలుసా? తెలిస్తే తుడిచి వేసుకోవడం మేలు. తెలియకపోతే డీడీయూ కూడా చీకట్లో రాయి వేయడమే. నంబరు రాసిపెట్టుకోనివాళ్లకీ దారి ఉంది. రన్‌లో పెర్ఫ్‌మాన్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ రెల్ (perfmon /rel) అంటే రిలయబిలిటీ మానిటర్ తెరుచుకుంటుంది. ఏ రోజు నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయో కళ్లకు కడుతుంది. ఆ తేదీకి ముందు దించిన సెటప్ ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉందేమో వెతకండి. ఫైలు పేరులోనే సాధారణంగా నంబరు ఉంటుంది. నాకు అక్కడే దొరికింది, పెళ్లిపత్రికల డిజైన్ల మధ్య.

తుడవడం గురించి తెలిసినవాళ్లకే చెబుతున్నా, మూడు జాగ్రత్తలు. ఒకటి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లేముందు అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. అక్కడ పిన్ ఒక్కోసారి పనిచేయదు. రెండు, నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. డీడీయూలో క్లీన్ అండ్ రీస్టార్ట్ నొక్కాక సిస్టమ్ మళ్లీ లేచేసరికి నెట్ ఉంటే, మీరు సెటప్ తెరిచేలోపే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన డ్రైవర్ వేసేస్తుంది. అప్పుడు మీరు తుడిచింది ఎందుకు? ఆ తర్వాత డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్‌లో నో పెట్టుకుంటే కొంత నిశ్చింత. మూడోది మన ఊళ్లకి ముఖ్యం, కరెంటు. డ్రైవర్ సగం ఎక్కాక కరెంటు పోతే కథ మొదటికి వస్తుంది. యూపీఎస్ బ్యాటరీ మీద నమ్మకం లేకపోతే సాయంత్రం పూట ఈ పని పెట్టుకోకండి. నేను పొద్దున్న ఆరింటికి కూర్చున్నాను. అంతా అయ్యేసరికి నలభై నిమిషాలు, రెండు టీలు. సీజన్ అయ్యేదాకా 4101 మళ్లీ కనబడలేదు.

ఇంత శ్రమ వద్దనుకుంటే మధ్యదారి ఉంది. ఎన్‌విడియా సెటప్‌లో కస్టమ్ ఎంచుకుంటే క్లీన్ ఇన్‌స్టలేషన్ అని ఒక టిక్ ఉంటుంది. ఏఎండీలో అలాంటిదే ఫ్యాక్టరీ రీసెట్. చాలామందికి ఇది సరిపోతుంది. ముందు దీన్ని పాత సెటప్‌తో చేసి చూసి, కుదరకపోతే డీడీయూకి వెళ్లండి.

"ఇంకా కొత్తది వస్తే సర్దుకుంటుంది కదా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. సర్దుకోవచ్చు. 2010 మార్చిలో ఎన్‌విడియా 196.75 డ్రైవర్ కొన్ని కార్డుల్లో ఫ్యాన్ వేగాన్నే గల్లంతు చేసింది, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 కార్డులు కొన్నవాళ్లకి బ్లాక్ స్క్రీన్లు వచ్చి, వెంటవెంటనే హాట్‌ఫిక్స్‌లు (అత్యవసర సవరణలు) వదిలారు. అలాంటి కొత్త కార్డుకి ముందుకు పోవడమే గతి, వెనక మంచి వెర్షన్ ఉండదు కాబట్టి. మన వైపు డీటీపీ షాపుల్లో కనబడే ఎన్‌విడియా పాత కార్డు జీటీ 710 సంగతి వేరు. ఆ తరం కార్డులకి కొత్త డ్రైవర్ల వరస 2021తోనే ఆగింది, ఆ తర్వాత వచ్చినవి భద్రతా సవరణలే. దానికి సరికొత్త డ్రైవర్ వెతుకుతూ కూర్చోవడం టైమ్ దండగ. డిజైన్ పనికి ఎన్‌విడియా గేముల కోసం ఇచ్చే గేమ్ రెడీ డ్రైవర్ కన్నా, డిజైన్ లాంటి పనుల కోసం ఇచ్చే స్టూడియో డ్రైవర్ వేసుకోండి, ఉంటే.

రిజిస్ట్రీలో ఆ 2 సెకన్ల గడువుని పెంచమని కొందరు అంటారు. పెద్ద రెండర్లు చేసేవాళ్లకి పనికిరావచ్చు, ఆల్బం పనికి నేను సిఫారసు చేయను. ఫొటోషాప్ పెర్ఫార్మెన్స్ సెట్టింగ్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్ తీసేస్తే ఆ రాత్రికి గండం గడుస్తుంది, జూమ్ మాత్రం నత్తనడక. విండోస్ మొత్తం కొత్తగా వేయడం ఆఖరి మాట, ఫాంట్లన్నీ మళ్లీ ఎక్కించే ఓపిక ఉంటే.

ఇప్పుడు నా దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉంది. బాగా నడిచిన సెటప్, డీడీయూ, దాని మీద స్టిక్కర్‌తో వెర్షన్ నంబరు, వేసిన తేదీ. ఉంది అనడం కన్నా ఉండేది అనాలి. కాశీనగరం తమ్ముడికి బటన్ వెలగలేదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ. కార్డు నాదీ అతనిదీ ఒకటే తరం కాబట్టి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాను. సిస్టమ్ బాగైందని ఆ రాత్రే ఫోన్ చేశాడు. పెన్‌డ్రైవ్ మాత్రం ఇంకా రాలేదు.