నూనె ప్యాకెట్టా, బాటిలా, ఐదు లీటర్ల డబ్బానా: ఏది మేలు?

పోయిన నెల నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకి సరుకులకి వెళ్తే, కొట్టతను రెండు సన్‌ఫ్లవర్ ప్యాకెట్లు నా ముందు పెట్టాడు. ఎత్తూ వెడల్పూ ఒకటే. "ఇది తీసుకోండక్కా, ఐదు రూపాయలు తక్కువ" అన్నాడు. తీసుకున్నాను. ఇంటికొచ్చి అడుగున చిన్న అక్షరాలు చూస్తే 850 గ్రాములు! లీటరు నూనె 910 గ్రాముల దాకా తూగుతుంది. 150 పెట్టి 910 గ్రాములు కొంటే కిలో 165 పడుతుంది. 145కి 850 గ్రాములంటే కిలో 171 పడినట్టు. చవక అనుకున్నదే ఖరీదైంది.

ఇదివరకు నూనెలాంటి సరుకులు ఫలానా తూకాల్లోనే ప్యాక్ చేయాలని నిబంధన ఉండేది. 2022లో అది తీసేశారు. బదులుగా గ్రాముకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలన్నారు. వేస్తున్నారు కూడా, ఒక దాని మీద 0.16, ఇంకో దాని మీద 0.17. ఆ ఒక్క పైసా చూసి ఎవరు ఆగుతారు? కిలోకి లెక్క కట్టి వేస్తే ఎవరికైనా ఇట్టే తెలిసేది. కానీ కిలోకి తక్కువ సరుకైతే గ్రాము లెక్కనే వేయాలని రూలు.

ఇక వాడకం. ప్యాకెట్ మూల కత్తిరించగానే నూనె వేళ్ల మీదుగా మోచేతి దాకా కారుతుంది. తేదీ ముద్రించిన సిరా ఆ జిడ్డుకి చెరిగిపోతుంది, అందుకే నేను కత్తిరించకముందే తేదీ చూసుకుంటాను. వంపాక మా అమ్మ ప్యాకెట్‌ని గరాటులో తలకిందులుగా నిలబెట్టి రాత్రంతా వదిలేస్తుంది. పొద్దున చూస్తే పోపుకి సరిపడా నూనె దిగి ఉంటుంది.

బాటిల్‌లో ఈ కారుడు లేదు, అదే నూనెకి డబ్బులు మాత్రం ఎక్కువ. మూత కింద ఉంగరంలా ఉండే ప్లాస్టిక్ సీలు లాగితే సగం మటుకు తెగి చేతికొస్తుంది. అమ్మకి కీళ్ల నొప్పులు, ఆ సీలు తీయలేక చాకు పట్టుకుంటుంది. నాకు టెన్షన్ అంతా అక్కడే. పెద్దవాళ్ల చేతులు ఎలా ఉంటాయో కంపెనీలు ఒక్కసారి చూడాలి కదా!

ఐదు లీటర్ల డబ్బా ఆవకాయ రోజుల్లో తప్ప మా ఇంటికి అక్కర్లేదు. నిండుగా ఉన్నప్పుడు నాలుగున్నర కిలోల బరువు, వంచితే గుడగుడమని పొయ్యి గట్టంతా చిందుతుంది. తెరిచాక నెలల తరబడి ఉంటే నూనె కనరు వాసన కూడా వస్తుంది.

నలుగురున్న ఇంటికి నా ఓటు 910 గ్రాముల ప్యాకెట్‌కే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకైతే డబ్బులు ఎక్కువైనా బాటిలే కొనివ్వండి, కాకపోతే సీలు మీరే తీసిచ్చి రండి. ఏది కొన్నా లీటర్లు కాదు, గ్రాములు చూడండి. వేడికి నూనె ఉబ్బుతుంది, తూకం మాత్రం మారదు. మొన్న చేపల పులుసుకి నూనె అయిపోయి అదే కొట్టుకి మళ్లీ వెళ్లాను. ఈసారి ప్యాకెట్ తిరగేసి చదివాకే డబ్బులిచ్చాను.