విరిగిన కాలికి తొక్కుడు సైకిలు: మూడు స్టార్లు

ఐదుకి మూడు ఇస్తున్నాను. సీటుకి ఒకటి, మీటరుకి ఒకటి కోశాను.

నాది తాపీ పని, శ్రీకాకుళం. కిందటేడు ఎచ్చెర్ల దాటాక ఇసకలో బండి జారి మోకాలి కింద ఎముక విరిగింది. రాడ్డు వేశారు. మోకాలు సగం కూడా మడత పడేది కాదు, ఇక గోడ కట్టడానికి సారవ (కర్రల మంచె) ఎక్కడం దేవుడెరుగు. ఇంట్లో తొక్కే సైకిలు కొనమన్నాడు ఫిజియోథెరపీ కుర్రాడు. ఆరున్నర వేలా అని నేను నసుగుతుంటే ఫోనులో ఒకాయన్ని చూపించి, "మేస్త్రిగారూ, ఈయనా మీ పనివాడే" అన్నాడు.

హెర్మన్ మయర్. కాళ్లకి పలకలు కట్టుకుని మంచు మీద జారే స్కీయింగ్ పందేల ఆటగాడు. ఆస్ట్రియాలో ఫ్లాహౌ ఊరు. 15 ఏళ్లప్పుడు బక్కగా ఉన్నాడని స్కీ స్కూలు వాళ్లు ఇంటికి పంపేస్తే, ఎండాకాలం ఇటుకలు పేర్చి, చలికాలం తండ్రి దగ్గర స్కీయింగ్ నేర్పాడు. 1998 నాగానో ఒలింపిక్స్‌లో గాల్లో పల్టీలు కొట్టి వలలు దాటి పడ్డాడు. మా మేనల్లుడు ఆ వీడియో పదిసార్లు చూశాడు. మూడు రోజులకే బంగారు పతకం, ఆ వారంలోనే ఇంకోటి!

నన్ను పట్టింది మాత్రం 2001 ఆగస్టు. మోటారు సైకిలు కారుకి గుద్దుకుని కాలు నుజ్జయింది, తీసేయాల్సి వస్తుందేమో అనుకున్నారు. ఆయనకీ రాడ్డే. 17 నెలలకి కిట్స్‌బ్యూల్‌లో రేసు గెలిచాడు. 2004లో నాలుగోసారి ప్రపంచ కప్ ఛాంపియన్. ఆ రాత్రే ఆర్డరు పెట్టించాను.

సైకిలు బరువుగా ఉంది, కదలదు, చప్పుడు లేదు. బిగించాక రసమట్టం పెట్టి చూస్తే సైకిలు ఎడం కాలు పల్లం. కింద టైలు ముక్క దోపాను. టైటు చేసే మర బాగుంది, మెల్లగా పెంచుకోవచ్చు. మొదట్లో పెడలు పైకి రాగానే మోకాలు ఆగిపోయేది. ముందుకీ వెనక్కీ ఊపగా ఊపగా పన్నెండో రోజు పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. నేను అరిచిన అరుపుకి మా ఆవిడ గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

సీటు చెక్క. తువ్వాలు మడిచి వేసుకోవాలి. మీటరు గుండు వెయ్యకుండానే గోడ తిన్నగా ఉందనే మేస్త్రిలాంటిది, టీ తాగుతూ కాలు ఆడించినా కిలోమీటర్లు చూపిస్తుంది. మూడో వారం పెడలు పట్టీ తెగితే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించుకున్నాను, అమ్మినవాళ్లు ఫోనెత్తలేదు.

సారవ ఇంకా ఎక్కలేదు. పీట మీద కూర్చుని అన్నం తింటున్నాను. ఆరడుగులు దాటినవాళ్లు కొనకండి, సీటు అంత పైకి లేవదు.