ఆరబెట్టడమా, కడిగి ఆరబెట్టడమా?

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద లాంటిది ఇంట్లోకి వస్తే, తడిసిన కంప్యూటర్ విషయంలో మన ముందు రెండు దారులుంటాయి: అలాగే ఆరబెట్టడం, లేదా విప్పి, కడిగి ఆరబెట్టడం.

మొదటిది ఖర్చులేనిది, మంచినీళ్లు నాలుగు చుక్కలు పడి, కరెంటు వెంటనే తీసేసి ఉంటే సరిపోవచ్చు కూడా. అయితే వరద నీటిలోని బురద, మురుగు, లవణాలు నీరు ఆవిరైన తర్వాత కూడా కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ పలక అయిన మదర్‌బోర్డు మీదే మిగిలిపోయి, గాలిలోని తేమను పీల్చుకుంటూ రాగి దారులను తినేస్తాయి కాబట్టి, ఇవాళ పనిచేసిన యంత్రం కొన్ని వారాలకే ఆగిపోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టినా ఆ లవణాలు పోవు.

రెండవదానికి ఓపిక కావాలి. బ్యాటరీని, బటన్ సెల్‌ను తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో బురద కడిగాక, త్వరగా ఆరిపోయే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్షుతో ర్యామ్ స్లాట్ల (మెమరీ కార్డులు గుచ్చే గాళ్ల) లోపల, చిప్‌ల అంచుల వెంట ఆకుపచ్చని చిలుము వదిలే దాకా నెమ్మదిగా రుద్దాలి. 70 శాతం ద్రావణంలో మిగిలినది నీరే కనుక అది తగదు. ఆపైన రెండు మూడు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. మునిగిన బోర్డుకు నేను నిస్సందేహంగా దీన్నే ఎంచుకుంటాను.

హార్డ్ డిస్క్‌కు మాత్రం రెండూ పనికిరావు. గాలి రంధ్రం గుండా లోపలికి చేరిన మురికి ఎండితే డేటా ఉండే పళ్లేలకు అంటుకుపోతుంది. అందులో పెళ్లి ఫోటోలో, దుకాణం లెక్కలో ఉంటే, కరెంటు ఇవ్వకుండా, ఆరనివ్వకుండా, తడిగుడ్డ చుట్టి ప్లాస్టిక్ కవరులో మూసి డేటా రికవరీ ల్యాబుకు చేర్చాలి.