జ్వరమొస్తే కూలి ఎవరివ్వాలి: ఓనరా, ఈఎస్ఐయా?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా దుకాణాల్లో పనిచేసే మనవాళ్లకు వానాకాలం వస్తే ఇదే టెన్షన్.

ఖర్చు: జీతంతో సెలవిస్తే భారమంతా ఓనరుదే. ఈఎస్ఐకి (ఉద్యోగుల సర్కారు బీమాకు) పనివాళ్ల జీతం మీద ఓనరు 3.25 శాతం, పనివాళ్లు 0.75 శాతం కడతారు.

చేతికొచ్చేది: మహారాష్ట్ర 2017 షాపుల చట్టంలో ఏడాదికి 8 రోజుల క్యాజువల్ లీవు, పూర్తి జీతంతో. ఈఎస్ఐలో జీతంలో 70 శాతమే, కానీ 91 రోజుల దాకా.

శ్రమ: లీవుకు ఫోన్ చేస్తే చాలు. ఈఎస్ఐకి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, ఆరు నెలల్లో 78 రోజుల చందా పడి ఉండాలి, నెల జీతం 21,000 దాటకూడదు.

నాలుగు రోజుల జ్వరానికి లీవే మేలు. కాలు విరిగి మంచాన పడితే ఈఎస్ఐయే దిక్కు. కొద్దిమందే పనిచేసే సిరొంచా కిరాణా కొట్టుకు ఆ 8 రోజుల లీవు వర్తించదు. అక్కడి కుర్రాడు వణుకుతూనే బియ్యం తూస్తాడు. చట్టం ముందు అతని దాకా రావాలి, ఓనరుకు బరువైతే సర్కారు సగం భరించాలి.