యాభయ్యో నిమిషం దగ్గర తడబడే సీడీ ప్లేయర్: ఇరవై రెండేళ్ల వాడకం తర్వాత

ఈ సీడీ ప్లేయర్ మా ఇంటికొచ్చి 22 ఏళ్లయింది. సౌండ్ ఎలా ఉంటుంది, వెనకాల ఏ సాకెట్లున్నాయి లాంటివి ఇక్కడ రాయను, ఆ కాలం ప్లేయర్లు వాడినవాళ్లకు అవన్నీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది దీని ముందువైపు వెలిగే నాలుగు అంకెల గురించి. నిమిషాలు రెండు అంకెలు, సెకన్లు రెండు అంకెలు. పక్కనున్న టైమ్ బటన్ ఒకసారి నొక్కితే పాట మొదలై ఎంతసేపైందో చూపించడం మానేసి, డిస్క్ మొదటినుంచి ఎంతసేపైందో చూపిస్తుంది. ఇరవై ఏళ్లు ఆ బటన్‌ని నేను దాదాపు ముట్టుకోలేదు. అది లేకపోతే ఈ యంత్రం రెండేళ్ల కిందటే పాత సామాన్లలోకి పోయేది.

అంతకుముందు వచ్చిన రిపేర్లు రెండే. ట్రే తెరుచుకోకుండా లోపలే గుర్రుమనడం మొదటిది. అది బెల్ట్ సమస్య. రబ్బరు సాగిపోయి జారుతుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. పాత బెల్ట్‌ని వేడినీళ్లలో వేసి తీస్తే బిగుస్తుందని ఎవరో చెబితే చేశాను. నాలుగు రోజులు పనిచేసింది, ఐదో రోజు మళ్లీ అదే గుర్రు. కొత్త బెల్ట్ వేశాక ఆ బాధ పోయింది. రెండోది డిస్క్‌ని అసలు గుర్తించకపోవడం. చిన్న బ్రష్ ఉండే క్లీనింగ్ డిస్క్ ఒకసారి వేసి తిప్పితే సరైపోయింది. అప్పటినుంచి ఆ క్లీనింగ్ డిస్క్ గురించి నేను చెప్పని మనిషి లేడు.

అసలు కథ మూడోది.

ఒక సాయంత్రం పొడవాటి కచేరీ డిస్క్ ఒకటి వింటున్నాను. చివరి భాగంలోకి వచ్చాక టిక్కుమని శబ్దం, పాట రెండు సెకన్లు వెనక్కి పోయింది. అదే ముక్క మళ్లీ, మళ్లీ. డిస్క్ మీద గీత పడిందనుకున్నాను. మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు, ఎందుకంటే డేటా ఉండేది గుండ్రటి దారిలోనే. ఆ దారి వెంబడే గీత పడితే చాలా పొడవున సమాచారం పోతుంది. దారికి అడ్డంగా పడిన గీతనైతే ప్లేయర్‌లోని తప్పుల దిద్దుబాటు చాలావరకు సర్దేస్తుంది. తుడిచినా మార్పు లేదు. అదే డిస్క్ కంప్యూటర్‌లో వేస్తే చివరిదాకా శుభ్రంగా మోగింది. ఇంకో డిస్క్ వేశాను, అదీ అంతే. నా క్లీనింగ్ డిస్క్ మూడుసార్లు తిప్పాను. ఏమీ కాలేదు.

రిపేరుకు తీసుకెళితే మెకానిక్ తన దగ్గరున్న డిస్క్ ఒకటి వేసి చూశాడు. ప్లేయర్ దాన్ని అసలు చదవలేదు. "లేజర్ వీక్ అయిపోయింది సార్, ఇక లాభం లేదు, కొత్తది చూసుకోండి" అన్నాడు. నమ్మాను. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టేశాను. పది రోజుల తర్వాత, ఇంకేదో పనిలో ఉండగా, ఆయన వేసిన డిస్క్ గుర్తొచ్చింది. దాని మీద చేత్తో రాసి ఉంది, కింద ‘రీరైటబుల్’ అన్న ముద్ర ఉంది. చెరిపి మళ్లీ రాసుకునే డిస్కులు మామూలు డిస్కులు వెనక్కి పంపే వెలుతురులో సుమారు మూడో వంతే పంపుతాయి. ఈ ప్లేయర్ కొత్తగా ఉన్నప్పుడే అలాంటి డిస్కులు చదివేది కాదు. అంటే ఆ పరీక్ష వల్ల లేజర్ గురించి తెలిసిందేమీ లేదు. ఆ మాట స్ఫురించిన క్షణం నాకు కోపం వచ్చిన మాట నిజం, కానీ కోపం కన్నా ఆశే ఎక్కువ కలిగింది.

ప్లేయర్‌ని కిందికి దించాను. ఈసారి ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకున్నాను. డిస్క్ పేరు, ఎన్నో పాట దగ్గర తడబడింది, అప్పటికి డిస్క్ మొత్తంలో ఎన్నో నిమిషం. టైమ్ బటన్‌కి పనిపడింది ఇక్కడే. పదకొండు డిస్కులు వేశాను. పాటల నంబర్లు చూస్తే పొంతనే లేదు. ఒకదాంట్లో పద్నాలుగో పాట, ఇంకోదాంట్లో ఐదోది, మరోదాంట్లో మూడోదే. కానీ నిమిషాల వరుస చూస్తే ఒళ్లు పులకరించింది. 51, 50, 52, 50, 49, 51. యాభై నిమిషాల లోపు అయిపోయే డిస్కులు ఒక్కటీ ఆగలేదు. దాటినవన్నీ దాదాపు ఒకే చోట తడబడ్డాయి.

సీడీ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది, గ్రామఫోన్ రికార్డుకు తలకిందులుగా. కాబట్టి నిమిషమంటే అది చోటు కూడా. లెక్క వేశాను. పాటలు మధ్యనుంచి సుమారు 25 మిల్లీమీటర్ల దూరంలో మొదలై 58 దగ్గర ముగుస్తాయి. 74 నిమిషాలు నిండిన డిస్క్‌లో యాభయ్యో నిమిషం డిస్క్ మధ్యనుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. బయటికి వెళ్లేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది కదా, అందుకని చివరి ఇరవై నాలుగు నిమిషాలు ఎనిమిది మిల్లీమీటర్లలోనే సర్దుకుంటాయి. అయితే ఆ 50 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నదేమిటి? డిస్కులు మారుతున్నాయి, కాబట్టి డిస్క్ కాదు. లెన్స్ మురికైతే మొదటి పాటనుంచే కష్టపడాలి. లేజర్ నీరసించినా అంతే. చోటును బట్టి వచ్చే రోగం, కదిలే భాగంలోనే ఉండాలి.

ఇంకో ఆనవాలు కూడా ఉంది, అప్పటిదాకా దాన్ని నేను లెక్కచేయలేదు. బటన్ నొక్కి నేరుగా చివరి పాటకు దూకితే ప్లేయర్ టక్కున అక్కడికి వెళ్లేది, ఒకటి రెండు నిమిషాలు చక్కగా పాడేది, తర్వాతే తడబడేది. అంటే అంత దూరం వెళ్లి చదవగలదు. నిదానంగా పాకుతూ వెళ్లడమే దానికి చేతకావడం లేదు.

ప్లగ్ తీసేసి, కాసేపు ఆగి, పైమూత స్క్రూలు విప్పాను. పవర్ సప్లై ఉన్న వైపు చెయ్యి పెట్టలేదు. ఇంకో మాట, మూత తీసి ప్లేయర్‌ని నడిపి చూడాలనుకునేవాళ్లు లెన్స్‌లోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ లేజర్ తరంగం 780 నానోమీటర్లు, కంటికి దాదాపు కనిపించదు, కనిపించలేదని ప్రమాదం తగ్గదు. నేను ఫోన్ కెమెరాను పక్కనుంచి పెట్టి చూశాను. లెన్స్ పైకీ కిందికీ రెండు మూడుసార్లు ఊగి ఫోకస్ వెతుక్కుంటోంది, తెరమీద చిన్న చుక్క మెరిసింది. లేజర్ బతికే ఉందన్న ధైర్యం వచ్చింది. డిస్క్ తిరగకపోతే మోటారు పోయిందనుకుంటారు చాలామంది. ఈ ఫోకస్ దొరికితే తప్ప ప్లేయర్ డిస్క్‌ని సరిగ్గా తిప్పడం మొదలుపెట్టదని నాకూ ఆరోజే అర్థమైంది.

మళ్లీ ప్లగ్ తీసి, డిస్క్‌ని పట్టి ఉంచే అడ్డపట్టీ విప్పితే మొత్తం కనబడింది. లేజర్, లెన్స్ రెండూ ఒక చిన్న బండి మీద ఉంటాయి. ఆ బండి ఒకవైపు నున్నటి ఉక్కు కడ్డీ మీద జారుతుంది, ఇంకోవైపు పళ్ల పట్టీని ఒక ప్లాస్టిక్ చక్రం నెడుతుంది. చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పాను. బండి లోపలినుంచి బయలుదేరి వెన్నలా కదిలింది, కదిలింది, ముప్పాతిక దూరంలో వేలికి బరువు తగిలింది. అక్కడే. నోట్‌బుక్‌లో రాసుకున్న చోటు చేతికి తగిలినట్టు అనిపించింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఈ ప్లేయర్‌లో విన్న ఏ పాటకీ తీసిపోదు.

కడ్డీ మీద గ్రీజు లోపలివైపు పల్చగా, తెల్లగా ఉంది. బయటివైపు పసుపు రంగు మైనంలా గడ్డకట్టి, ఒక చిన్న గట్టులా పేరుకుంది. ఎందుకో ఆలోచిస్తే అర్థమైంది. మేము వినేవాటిలో ఎక్కువ నలభై, నలభై ఐదు నిమిషాల ఆల్బమ్‌లు. ఇరవై ఏళ్లుగా బండి రోజూ అంతవరకే వెళ్లి తిరిగొస్తోంది. వెళ్లిన ప్రతిసారీ గ్రీజును కాస్త ముందుకు నెట్టి అక్కడ వదిలేస్తోంది. బండి తిరగని చోట ఆ గ్రీజు ఎండి గట్టిపడింది.

అంత చిన్న గట్టు పాటను ఎలా ఆపింది? ఆ చోట ఒక నిమిషం పాటకు బండి కదలాల్సింది అర మిల్లీమీటరు కూడా కాదు. సీడీ మీద దారికీ దారికీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, తల వెంట్రుక మందంలో అలాంటివి ముప్పై దాకా పడతాయి. ముందు లెన్స్ ఒక్కటే కొద్దికొద్దిగా పక్కకు వంగి దారిని అనుసరిస్తుంది. వంపు ఎక్కువైనప్పుడు బండి మోటారుకు చిన్న తోపు అందుతుంది, బండి కాస్త జరిగి లెన్స్‌ను మళ్లీ మధ్యకు తెస్తుంది. గట్టు దగ్గర ఆ చిన్న తోపు చాలలేదు. లెన్స్ వంగగలిగినంత వంగి, పట్టు తప్పి వెనక్కి పడేది. మనకు వినిపించే టిక్కు అదే. బటన్ నొక్కి దూకినప్పుడు మోటారుకు బలం పూర్తిగా అందుతుంది కాబట్టి గట్టు దాటేసేది.

ఇక శుభ్రం చేయడం అరగంట పని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్స్‌తో కడ్డీ, పళ్ల పట్టీ, చక్రం పళ్ల సందులు తుడిచాను. పదిహేను బడ్స్ పసుపెక్కాయి. ప్లాస్టిక్‌ను పాడుచేయని పల్చటి గ్రీజు, బియ్యపు గింజంత, కడ్డీ పొడవునా రాసి బండిని ఇరవైసార్లు అటూ ఇటూ నడిపాను. లెన్స్‌ను పొడి బడ్‌తో ఒక్కసారి, బరువు వేయకుండా. లేజర్ పక్కన ఉండే బుల్లి స్క్రూ లాంటి దాన్ని మాత్రం ముట్టుకోలేదు. లేజర్ బలం సరిచేసేది అదే, దాన్ని అంచనాతో తిప్పితే బాగున్న లేజర్ కూడా పోతుంది.

మూత పెట్టి అదే కచేరీ డిస్క్ వేసి కూర్చున్నాను. 49 దాటింది. 50. 52. ఊపిరి బిగబట్టే ఉన్నాను. 60 దాటాక వంటింట్లోంచి మా ఆవిడ "ఏమండీ, ఈసారి ఆగలేదే!" అంది. 71వ నిమిషం దాకా పాడి తనంతట తనే ఆగింది.

ఇప్పుడు ముందు చెప్పిన మాటల్లో కొన్ని సరిచేయాలి. క్లీనింగ్ డిస్క్‌ని అందరికీ చెప్పానన్నాను కదా, ఇప్పుడు చెప్పడం లేదు. అది దుమ్ము దులుపుతుంది, అంతే. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడే వస్తువని కళ్లారా చూశాక, దాని మీద బ్రష్ తిప్పాలంటే చెయ్యి రావడం లేదు. స్క్రూలతో విప్పుకోగలిగేలా చేశారని దీన్ని తెగ పొగిడేవాణ్ని. అడ్డపట్టీ తీసేటప్పుడు ప్లాస్టిక్ కొక్కెం ఒకటి విరిగింది. పాత ప్లాస్టిక్ పెళుసు. ప్రస్తుతానికి మూడు కొక్కేల మీదే నిలబడుతోంది. చలి రోజుల్లో మొదటి డిస్క్‌ను గుర్తించడానికి రెండు మూడు ప్రయత్నాలు పడుతోంది. పాటల పట్టిక ఉండేది అన్నిటికన్నా లోపల, డిస్క్ నిమిషానికి ఐదువందల చుట్లు తిరగాల్సిన చోట. డిస్క్‌ను తిప్పే మోటారు అలసిందని నా అనుమానం. ఇదీ చోటును బట్టి వచ్చేదే కాబట్టి నోట్‌బుక్‌లో ఇంకో పేజీ మొదలుపెట్టాను.

మీ పాత ప్లేయర్‌ని ఇలా విప్పమని నేను చెప్పలేను. నాకు తీరిక ఉంది, అల్మారా నిండా డిస్కులున్నాయి, వాటిలో చాలా పాటలు నాకు ఇంకెక్కడా దొరకలేదు. మీ దగ్గర ఉన్నవి పది డిస్కులే అయితే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం తేలిక. ట్రే కింద పెట్టెలో సీలు వేసినట్టుండే చిన్న పోర్టబుల్ సెట్లయితే లోపలి అమరిక ఎలా ఉంటుందో నేను చూడలేదు. కానీ విప్పినా విప్పకపోయినా, లేజర్ పోయిందన్న మాట నమ్మే ముందు, పొడవాటి డిస్కులు నాలుగైదు వేసి ఎన్నో నిమిషంలో ఆగుతుందో రాసి పెట్టుకోండి.

యాభై నిమిషాలు దాటే డిస్కులు మా అల్మారాలో ముప్పై ఎనిమిది తేలాయి. ఇప్పుడు వారానికి రెండు చొప్పున వాటినే వేస్తున్నాను, బండి చివరిదాకా వెళ్లొచ్చినట్టూ ఉంటుంది. ఇరవై ఆరు అయ్యాయి. నోట్‌బుక్‌లో డిస్క్ పేర్లు మాత్రమే ఉన్నాయి, పక్కన నిమిషం రాసే గడి ఖాళీగానే ఉంది.