బ్యాంకాక్ మీటర్ టాక్సీ: ఏళ్ల వాడకం తర్వాత

మార్కులు వేయమంటే మీటర్ వేసిన టాక్సీకి పదికి ఎనిమిది, బేరమాడే టాక్సీకి సున్నా. బ్యాంకాక్ టాక్సీల మీద వినపడే తిట్లలో ఎక్కువ ఆ రెండో రకం మీదే.

మీటర్ 35 బాత్‌తో (థాయ్ డబ్బు) మొదలవుతుంది, మొదటి కిలోమీటరు అందులోనే. ఆ తర్వాత సిటీలో మామూలు దూరాలకు కిలోమీటరుకు ఆరేడు బాత్‌లు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నిమిషాల లెక్క కూడా కలుస్తుంది. కూర్చునే ముందే తలుపు తెరిచి, వెళ్లాల్సిన చోటు చెప్పి "మీటర్" అనండి. తల అడ్డంగా ఊపి "300" అన్నాడా, తలుపు మెల్లగా వేసేసి వెనకొచ్చే బండి చూసుకోండి. వాదన దండగ. హోటల్ ముందు, గ్రాండ్ ప్యాలెస్ (రాజభవనం) గేటు దగ్గర ఆగి ఎదురుచూసే బండి చాలాసార్లు మీటర్ వేయదు. కాస్త ముందుకు నడిచి, కదులుతున్న బండిని ఆపండి. ఆపేటప్పుడు అరచెయ్యి కిందికి పెట్టి వేళ్లు ఆడించడం అక్కడి పద్ధతి. ముందు అద్దంలో ఎర్ర అక్షరాలు వెలుగుతుంటే బండి ఖాళీ. మీటర్ నొక్కగానే ఆ లైటు ఆరిపోతుంది. మీరెక్కాక కూడా వెలుగుతోందంటే మీటర్ పడలేదన్నమాట.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో 1వ అంతస్తుకు దిగితే యంత్రం చీటీ ఇస్తుంది. దాని మీది నంబరే మీ బండి నిలబడ్డ చోటు. ఆ చీటీ చివరిదాకా మీ దగ్గరే ఉండాలి, ఫిర్యాదుకు అదే ఆధారం. మీటర్ మీద 50 బాత్ ఎయిర్‌పోర్టు రుసుము చట్టబద్ధమే, దాని కోసం గొడవపడకండి (మనవాళ్లు అక్కడే ఎక్కువ గొంతు చించుకుంటారు). ఎక్స్‌ప్రెస్‌వే టోల్ వేరే. గేటు దగ్గరే డబ్బు చేతికిచ్చేస్తే దిగేటప్పుడు మళ్లీ లెక్కలోకి రాదు. చాలా టాక్సీల డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉంటుంది. నలుగురు, నాలుగు పెద్ద సూట్‌కేసులంటే మామూలు కారులో పట్టవు, యంత్రం దగ్గరే పెద్ద బండి ఎంచుకోండి.

చిల్లర పెద్ద తలనొప్పి. డబ్బు మార్చుకుంటే చేతికొచ్చేవి 1000 బాత్ నోట్లు, డ్రైవరు దగ్గర వాటికి చిల్లర ఉండకపోవచ్చు. సెవెన్ ఇలెవెన్ కొట్టులో ఒక నీళ్ల సీసా కొని నోటు మార్చుకోండి. హోటల్ పేరు, ఫోన్ నంబరు థాయ్ లిపిలో ఫోన్‌లో ఉంచుకోండి. ఇంగ్లిష్ మ్యాప్ చూపిస్తే అర్థం కాకపోయినా తలూపేవాళ్లున్నారు.

సుఖుంవిత్ రోడ్డులో బేసి సంఖ్య సోయిలు (సందులు) ఒక వైపు, సరి సంఖ్యవి రెండో వైపు. బేసి వైపు వాహనాలు సిటీ నుంచి బయటికి పోతాయి. అక్కడ నిలబడి సిటీ నడిబొడ్డున ఉన్న సియాం వైపు టాక్సీ ఎక్కితే యూ టర్న్‌కే మీటర్ తిరుగుతుంది. బీటీఎస్ (రోడ్డు పైన వంతెన మీద నడిచే మెట్రో రైలు) స్టేషన్ పైనుంచి రోడ్డు దాటి, అవతలి వైపు టాక్సీ ఎక్కండి. దాటడానికి టికెట్ అక్కర్లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, వాన పడితే మరీ, టాక్సీ జోలికే పోవద్దు, బీటీఎస్ రైలెక్కండి. అది వెళ్లని చోటికి గ్రాబ్, బోల్ట్ యాప్‌లలో బండి పిలవడం మేలు. రేటు ముందే తెలుస్తుంది.

"ఈరోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అని డ్రైవరు అంటే ఆ దారి రాళ్ల నగల కొట్టుకే. మామూలు రోజుల్లో ప్యాలెస్ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు తెరిచే ఉంటుంది. వెనక తలుపు లోపల అంటించిన బండి నంబరు ఎక్కగానే ఫొటో తీసుకోండి. టాక్సీ ఫిర్యాదుకు 1584, టూరిస్ట్ పోలీసుకు 1155.